గౌనుకి కుడి చెయ్యి

హాస్టల్, రెండో అంతస్తు, మెట్ల పక్క గది
జూలై 11

మావయ్యా,

ఫోన్ చేస్తే "మిషన్ మీదున్నాను, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. చదవకుండా కొలతల పుస్తకంలో దాచేశావో, ఊరుకోను.

మొత్తానికి కాలేజీలో పడ్డాను. మొదటి ఏడాది బయాలజీ. పొద్దున ఎనిమిదింటికే జన్యుశాస్త్రం క్లాసు. మా మేడమ్ పొట్టిగా ఉంటుంది కానీ గొంతు మాత్రం నీ పెద్ద కత్తెరే. మొదటి రోజే బోర్డు మీద డీఎన్ఏ బొమ్మ వేసింది. రెండు దారాలు ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటాయి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ దారం ఉంటుందట, దాంట్లోనే మన ముక్కూ జుట్టూ ఎలా ఉండాలో రాసి ఉంటుందట. దారం అనగానే నువ్వే గుర్తొచ్చావు. పక్కనున్న పిల్లతో "మా మావయ్య టైలర్" అని గొప్పగా చెప్పాను. అడగని ప్రశ్నకి జవాబు చెబుతుందేమిటీ అన్నట్టు చూసింది.

గొప్ప చెప్పాక నువ్వు కుట్టిన ఆ ఆకుపచ్చ గౌను కూడా గుర్తొచ్చిందనుకో. ఆరేళ్ళప్పుడు కుట్టావు కదా, కుడి చెయ్యి ఇటుకరంగు వేసి. అమ్మ, అదే మీ అక్క, వీధి వినపడేలా అరిస్తే "ఇది కొత్త ఫ్యాషన్" అని నువ్వు బుకాయించావు. బడిలో అందరూ నవ్వారు, ఎందుకు నవ్వారో మాత్రం నాకు తెలియలేదు. నాకైతే బాగానే ఉంది. రెండేళ్ళు విడవకుండా వేసుకున్నాను.

ఇప్పుడు తెల్ల కోటు కావాలి, ల్యాబుకి. రెండు చేతులూ తెల్లవే కుట్టు బాబూ.

నీ కోడలు

---

కుట్టు షాపు, మిషన్ పక్క స్టూలు మీంచి
జూలై 20

చిట్టీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను, కొలతల పుస్తకంలోనే పెట్టాను. అది నా ఇనప్పెట్టె, తెలుసుకో.

కోటు పంపుతున్నాను. మూడు జేబులు. లోపలి జేబు నీ భోజనం చిల్లర కోసం కాదు, పెన్ను కోసం. చేతులు రెండూ తెల్లవే, ఏ అనుమానమైనా ఉంటే మీ మేడమ్‌కి చూపించుకో.

ఇంతకీ దారం చివర ముడి వేశారా? ముడి లేని దారం విడిపోతుంది కదా, మీ డీఎన్ఏకి మాత్రం విడిపోకుండా ఎవరు కాపలా? మీ మేడమ్‌ని అడుగు. అంత పెద్ద చదువు చదివి ఇది తెలీకపోతే నా దగ్గరికి పంపు.

షాపు బాగానే ఉంది. పెళ్ళిళ్ళ బ్యాండు మాస్టారు తనవాళ్ళకి ఇరవై నాలుగు కోట్లు కుట్టమంటున్నాడు. ముదురు ఎరుపు కోటు, అంచుకి ఆకుపచ్చ పట్టీ. ఇంతటి పని షాపుకి ఇదే మొదటిసారి. "గుడ్డ ఏ రంగు, దారం ఏ రంగు, మీ నోటితోనే చెప్పండి" అన్నాను. మురిసిపోయాడు. ఎంత మర్యాదండీ అన్నాడు. ఎవరొచ్చినా నేను అలాగే అడుగుతాను. పక్క షాపువాళ్ళు కూడా నా మర్యాద గురించి చెవులు కొరుక్కుంటారు.

అక్క ఫోన్ చేసింది. మీ నాన్న మళ్ళీ పచ్చి టమాటాలు తెచ్చాడట. లెక్కల మేష్టారుకి కాయకీ పండుకీ తేడా తెలీదా అని గంటసేపు నాకు క్లాసు. నేనేం చేశాను మధ్యలో?

మావయ్య

---

హాస్టల్
ఆగస్టు 30

మావయ్యా,

ముందు శుభవార్త. నీ ప్రశ్న క్లాసులో అడిగాను. మేడమ్ సుద్దముక్క పక్కన పెట్టి నవ్వింది. దారం చివర విడిపోకుండా నిజంగానే ఒక కట్టడి ఉంటుందట, టెలోమియర్ అంటారట. "ఈ ప్రశ్న ఎవరడగమన్నారు?" అంది. టైలర్ అన్నాను. ఆయన్ని ఒకసారి క్లాసుకి రమ్మను అంది.

ఇక అసలు సంగతి. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

ల్యాబులో ఈగలు పెంచుతున్నాం. పండు కుళ్ళితే ముసురుతాయే, ఆ బుల్లి ఈగలు. తాతల తరంలో ఒకదానికి ఎర్ర కళ్ళు, ఒకదానికి గోధుమరంగు కళ్ళు. వాటి పిల్లలందరికీ ఎర్ర కళ్ళే. మనవల దగ్గరికి వచ్చేసరికి దాక్కున్న గోధుమరంగు మళ్ళీ బయటపడుతుంది, నలుగురిలో ఒకరికి. అది మేం లెక్కపెట్టి చూపించాలి. ఈగలకి మత్తిచ్చి తెల్ల కాగితం మీద పోసి, బ్రష్షుతో పక్కకి తోస్తూ లెక్కపెట్టాలి.

నా సీసాలో నూట ఇరవై ఈగలు. నాకు వచ్చింది డెబ్భై ఒకటి ఎరుపు, నలభై తొమ్మిది గోధుమరంగు. మేడమ్ మళ్ళీ లెక్కపెట్టమంది. ఈసారి యాభై నాలుగు, అరవై ఆరు. పక్క పిల్ల అవే ఈగల్ని లెక్కపెడితే తొంభై ఒకటి, ఇరవై తొమ్మిది.

"ఈగలు అవే, నువ్వూ అదే. అంకెలు మాత్రం మారాయి. అంటే నువ్వు చూసి రాయలేదు, ఊహించి రాశావు" అంది మేడమ్, అందరి ముందూ. రికార్డు మీద సంతకం పెట్టనంది. సంతకం లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

అబద్ధం రాయలేదు మావయ్యా. తదేకంగా చూశాను, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. రంగుల దగ్గర నేను కొంచెం మొద్దునని చిన్నప్పట్నుంచీ తెలుసు, కానీ ఇంత మొద్దునని తెలీదు. చూసే ఓపిక లేనివాళ్ళకి సైన్సు ఎందుకు? కామర్స్‌కి మారిపోదామనుకుంటున్నాను. ఈ చదువంటే నాకు ప్రాణం. అయినా అంతే.

నీ కోడలు

---

కుట్టు షాపు
సెప్టెంబరు 6

చిట్టీ,

ఉత్తరం అందింది. మిషన్ బెల్టు తెగింది, కొత్తది వేయించాను. ఇక్కడ రెండు రోజులుగా ముసురు. బ్యాండు మాస్టారు బయానా ఇచ్చి వెళ్ళాడు. తొందరపడి ఏదీ మార్చుకోకు. వేళకి తిను.

మావయ్య

---

హాస్టల్
సెప్టెంబరు 12

మావయ్యా,

బెల్టు తెగిందని రాశావు. సంతోషం.

నేను నాలుగు పేజీలు రాస్తే నువ్వు నాలుగు ముక్కలు! చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కూడా ఇంతకంటే ఎక్కువ మాట్లాడేవాడివి. నీక్కూడా నేను ఊహించి రాశాననే అనిపించిందా? అలాగైతే మొహం మీదే చెప్పు.

కామర్స్‌కి మారే కాగితం తెచ్చుకున్నాను. నెలాఖరు లోపు ఇవ్వాలి. నింపాను, సంతకం ఒక్కటే మిగిలింది.

నీ కోడలు

---

కుట్టు షాపు, తలుపు వేసుకుని
సెప్టెంబరు 17

చిట్టీ,

ఆ కాగితం చించెయ్. ముందు చించి, తర్వాత మిగతాది చదువు.

చించావా?

నువ్వు మొద్దువి కావు. నువ్వు ఊహించి రాయలేదు. నాకు తెలుసు, ఎందుకంటే నాకూ ఆ ఈగలు ఒకేలా కనిపిస్తాయి. చూడకుండానే చెబుతున్నాను.

నాకు ఎరుపూ ఆకుపచ్చా గోధుమరంగూ తేడా తెలీదు. పుట్టుకతోనే అంతే. ఇది తెలిసింది మా అమ్మకి ఒక్కదానికే, మీ అమ్మమ్మకి. పని నేర్చుకునే రోజుల్లో నా కోసం దారం రీళ్ళ అంచుకి బ్లేడుతో గాట్లు పెట్టింది. ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి రెండు, గోధుమరంగుకి మూడు. "రంగులు తెలీని టైలర్ దగ్గరికి ఎవడొస్తాడు, నోరు మూసుకుని కుట్టుకో" అంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా మూసుకునే ఉన్నాను. ఇప్పటికీ కొత్త రీలు మీద రంగు పేరున్న కాగితం ఊడకముందే గాటు పెట్టేస్తాను. గుడ్డ తెచ్చినవాళ్ళ చేత రంగు పేరు చెప్పించి, చీటీ మీద రాసి గుచ్చుతాను. నా మర్యాద గురించి అందరూ చెప్పుకుంటారే, అది ఇదీ. మర్యాదా లేదు, పాడూ లేదు, భయం.

ఇప్పుడు గౌను సంగతి. ఇది రాయడానికి పది రోజులు పట్టింది.

ఆ రోజు బల్ల మీద రెండు రకాల గుడ్డ ఉంది. ఫ్యాను గాలికి చీటీలు ఎగిరిపోయాయి. గౌనుకి ఎడమ చెయ్యి కుట్టేశాను. కుడి చేతికి ముక్క తీయబోతే అనుమానం వచ్చింది. నువ్వు బల్ల కింద కూర్చుని గుండీలు ఏరుకుంటున్నావు. "ఈ గౌనుకి సరిపోయే ముక్క ఇవ్వవే చిట్టీ" అన్నాను. నువ్వే తీసి ఇచ్చావు. "రెండూ ఒకటేనా?" అన్నాను. "ఒకటే మావయ్యా" అన్నావు. ఎంత ధీమాగా అన్నావో! నమ్మి కుట్టేశాను.

అక్క అరిచినప్పుడు నాకు రెండు సంగతులు తెలిశాయి. నేను తప్పు కుట్టానని ఒకటి. నీ కళ్ళూ నా కళ్ళలాంటివేనని రెండోది. చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. షాపు కొత్తగా పెట్టాను. అక్క నోటికి గొళ్ళెం లేదని నీకూ తెలుసు. ఫ్యాషన్ అని బుకాయించాను. తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తర్వాతకి పదమూడేళ్ళు పట్టింది, అదీ మీ మేడమ్ నిన్ను నలుగురి ముందూ మాటన్నాక. ఆ మాట నాకు పడాల్సింది. నన్ను క్షమించు.

మీ మేడమ్ దగ్గరికి వెళ్ళు. నీ కళ్ళు చూడమను. నా పేరు మాత్రం చెప్పకు. ఎర్ర కోటుకి ఆకుపచ్చ పట్టీ వేసేవాడికి రంగులు తెలీవని బ్యాండు మాస్టారుకి తెలిస్తే నా షాపు ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

మావయ్య

---

హాస్టల్
సెప్టెంబరు 26

మావయ్యా,

కాగితం చించాను. రెండు ముక్కలు కాదు, పదహారు.

నీ మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. ఒక పూటంతా ఉంది. తర్వాత ఆ బల్ల కింద గుండీలు గుర్తొచ్చాయి. అంత పెద్ద టైలర్ ఆరేళ్ళ పిల్లని నమ్మి గుడ్డ కత్తిరించాడని తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వాక కోపం నిలబడలేదు.

మేడమ్‌తో చెప్పాను. చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చింది. చుక్కల మధ్య అంకె ఉంటుందట. పక్క పిల్ల గబగబా చదివేసింది, నాకు చుక్కలే కనిపించాయి. మేడమ్ పుస్తకం మూసేసింది. "నలుగురిలో అన్నాను, నలుగురిలోనే వెనక్కి తీసుకుంటాను" అంది. తీసుకుంది కూడా! కత్తెర గొంతుతో క్షమాపణ ఎలా ఉంటుందో మొదటిసారి విన్నాను. నాకు వేరే ఈగలిస్తోంది, రెక్కలు ముడుచుకున్నవీ తిన్నగా ఉన్నవీ. రంగుతో పని లేదు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది, కూర్చుని చదువు.

రంగులు తెలిసే జన్యువులు ఎక్స్ అనే పోగు మీద ఉంటాయి. మగవాళ్ళకి ఎక్స్ ఒకటే, అది పాడైతే ఇక అంతే. ఆడవాళ్ళకి రెండు. ఒకటి పాడైనా రెండోది కాపాడుతుంది, అందుకే మీ అమ్మకీ మా అమ్మకీ రంగులన్నీ తెలుసు. నాకు తెలియడం లేదంటే నా రెండూ పాడైనవే. ఒకటి అమ్మ ఇచ్చింది. రెండోది నాన్నే ఇవ్వాలి, నాన్న దగ్గర ఉన్నదే ఒకటి.

అర్థమైందా? నాన్నకీ రంగులు తెలీవు. ఇంట్లో ఎవరికీ తెలీదు, నాన్నకే తెలీదు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, అమ్మ పోగులూ నాన్న పోగూ నింపుకుంటే బయటపడింది. మావయ్యా, ఆ టమాటాలు!

మేడమ్ వంశవృక్షం గీసి తీసుకురమ్మంది. ఆడవాళ్ళకి సున్నా, మగవాళ్ళకి చదరం. (సున్నా అని అమ్మకి చెప్పకు.) రంగులు తెలీనివాళ్ళ గడి నల్లగా నింపాలి. నీ చదరం ఖాళీగా వదిలేశాను. ఖాళీగా వదిలితే అది తప్పు లెక్క. నింపితే నీ రహస్యం, ఎందుకంటే ఇది అమ్మకి చూపించక తప్పదు, నాన్న కోసం. ఊహించి రాయనని మేడమ్‌కి మాటిచ్చాను. నీకు ఇచ్చిన మాటా తప్పను. ఏం చెయ్యమంటావు?

నీ కోడలు

---

కుట్టు షాపు
అక్టోబరు 8

చిట్టీ,

నా చదరం నల్లగా నింపు. అంచులు దాటకుండా నింపు, నేను నీట్‌గా ఉండే మనిషిని.

బావ సంగతి చదివి మిషన్ ఆపేశాను. పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. వారానికి ఒకసారి తిట్లు వేసుకున్నా ఎన్నో నువ్వే లెక్కపెట్టు. ఒక్కసారి నేను నోరు విప్పి ఉంటే, రంగు తెలీకపోవడమనేది ఒకటుందని ఆయనకైనా తెలిసేది. నేను మూసుకున్నది నా నోరొక్కటే అనుకున్నాను.

అందుకని నిన్న బ్యాండు మాస్టారుని కూర్చోబెట్టి చెప్పేశాను. బయానా కవరు ముందే బల్ల మీద పెట్టాను, తీసుకుపోతాడని. ఆయన కవరు ముట్టుకోలేదు. లేచి సొరుగు తీసి ఒక రీలు నా చేతికిచ్చాడు. తడిమి "ఒక గాటు, ఎరుపు" అన్నాను. ఇంకోటి ఇచ్చాడు. "రెండు, ఆకుపచ్చ." అలా పది ఇచ్చాడు, పదీ చెప్పాను. చొక్కా తడిసిపోయింది నాకు.

"రంగులన్నీ తెలిసినవాడు పోయినసారి మా కాలర్లు తిరగేసి కుట్టాడు, నువ్వే కుట్టు" అన్నాడు. కవరు నా వైపు తోసి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి "పట్టీ ఆకుపచ్చ, నా నోటితో చెబుతున్నాను" అన్నాడు.

అందరూ అలా ఉండరులే. పదేళ్ళుగా వచ్చే లాయరమ్మ గుడ్డలు వెనక్కి తీసుకుపోయింది. బాధగానే ఉంది. కానీ ఇవాళ తలుపు తీసే కుట్టుకుంటున్నాను.

మావయ్య

---

ఇల్లు, వంటగది బల్ల
డిసెంబరు 22

మావయ్యా,

సెలవులకి ఇంటికి వచ్చాను. వంశవృక్షం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని మరీ వచ్చాను, పెన్ను చోటు మారింది.

ముందు నా లెక్క. నూట పన్నెండు ఈగలు. ఎనభై మూడు తిన్నటి రెక్కలు, ఇరవై తొమ్మిది ముడుచుకున్నవి. మేడమ్ తనే మళ్ళీ లెక్కపెట్టింది, అవే అంకెలు. రికార్డు మీద సంతకం పెట్టింది. పరీక్ష రాశాను, బాగా రాశాను.

ఇక నాన్న. నిన్న బుట్టలోంచి ఆరు టమాటాలు తీసి బల్ల మీద పెట్టి "పండినవి తియ్యి నాన్నా" అన్నాను. ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూడడం మొదలుపెట్టాడు. అమ్మ "కళ్ళెదురుగా ఉంటే నొక్కడమేంటి, ఎర్రగా ఉన్నవి తియ్యండి" అంది. నాన్న మామూలుగా, "అలా చూస్తే ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

అమ్మకి నోట మాట రాలేదు. అమ్మకి!

కాగితం తీసి నాలుగు గళ్ళూ గీసి చూపించాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచీ ఒక్కో మెట్టూ చూశాడు. చివరికొచ్చి "రుజువు సరిగ్గా ఉంది" అన్నాడు, నా మార్కుల కాగితం మీద సంతకం పెట్టేటప్పటి గొంతుతో. తర్వాత మెల్లిగా "అందరూ నొక్కే చూస్తారనుకున్నాను" అన్నాడు. అమ్మ ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే "ఇంత కాలం కొట్టువాణ్ణైనా ఏరి ఇమ్మనొచ్చు కదా" అని మళ్ళీ తిట్టింది. ఇవాళ టమాటాలకి ఇద్దరూ కలిసి వెళ్ళారు.

నీ నల్ల చదరం దగ్గర అమ్మ చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చుంది. "నాకు చెబితే నేను ఊరంతా చెబుతాననుకున్నాడా" అంది. నేను టమాటాలు బుట్టలో సర్దాను. "చెప్పేదాన్నేలే" అని తనే అంది. నీకు ఫోన్ చేస్తుందట, మిషన్ ఆపి ఎత్తు.

వెతికితే గౌను దొరికింది, పెట్టె అడుగున. పంపుతున్నాను. వచ్చే టర్ములో జన్యుశాస్త్రం రెండో భాగం తీసుకుంటున్నాను.

నీ కోడలు

---

కుట్టు షాపు, తలుపు తీసుకుని
జనవరి 9

చిట్టీ,

అక్క ఫోన్ చేసింది. గంటన్నర. మిషన్ ఆపాను. మొదటి అరగంట తిట్టింది, తర్వాత అమ్మ గాట్లు పెట్టిన రీలు ఒకటైనా ఉందా అని అడిగింది. ఒకటుంది, ఎరుపు. వచ్చినప్పుడు ఇస్తానన్నాను.

బ్యాండువాళ్ళు కోట్లు వేసుకుని షాపు ముందుకొచ్చి ఒక పాట వాయించి మరీ వెళ్ళారు. బావున్నాయట. నేను వాళ్ళ మాట మీదే బతుకుతాను కదా, నమ్మాను.

గౌను అందింది. అద్దం తలుపుకి వేలాడదీశాను, నా బోర్డు కంటే అదే పెద్దగా కనిపిస్తుంది. నిన్న ఒకావిడ గుండీలు వేయించుకోవడానికి వచ్చి "అయ్యో, పాపం గౌనుకి ఒక చెయ్యి వేరే రంగు పడిందే" అంది. "అవునండీ, కుడి చెయ్యి" అన్నాను దర్జాగా. ఆవిడ గౌను వంకా నా వంకా చూసి, ఎడమ చెయ్యి పట్టుకుని చూపిస్తూ, "కుడిది సరిగ్గానే ఉంది కదండీ, ఎడమది వేరే" అంది.

సాయంత్రం లోపు ఇంకో ముగ్గుర్ని అడిగాను. ముగ్గురూ ఎడమే అన్నారు. ఆ రోజు అక్క "ఒక చెయ్యి" అని అరిచిందే గానీ ఏ చెయ్యో చెప్పలేదు, కుడిదని నీకు చెప్పింది నేనే.

కాబట్టి చిట్టీ, నువ్వు బల్ల కింద నుంచి తీసి ఇచ్చిన ముక్క సరైనదే. తప్పు అప్పటికే నేను కుట్టేసి ఉన్నాను.

మావయ్య